నికెల్ పూత కింద నక్షత్రం

పాత ఆయుధాలపై పాఠకుల ప్రశ్నలకు చెన్నై నుంచి ఒక విశ్రాంత సైనిక ఆర్మరర్ జవాబులు

ఈసారి మూడు ఉత్తరాలు తీసుకున్నాను. మూడూ రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ పిస్తోళ్ళ గురించే. మూడింటికీ తర్వాత ఎవరో కొత్త రంగు ఎక్కించారు. మొదటి రెండింటికి జవాబు చిన్నదే. మిగతా చోటంతా మూడో ఉత్తరానికి ఉంచుకున్నాను.

ప్రశ్న: మా మేనమామగారి దగ్గర లైసెన్సు మీద ఒక లూగర్ ఉంది. ఒళ్ళంతా నీలినలుపు. ట్రిగ్గరు, సేఫ్టీ మీట, మరి రెండు చిన్న భాగాలు మాత్రం పసుపు రంగులో మెరుస్తాయి. బంగారు నీళ్ళు పోసినవనీ, పెద్ద సేనాధికారి కోసం చేయించినదనీ ఆయన నమ్మకం. చాంబరు (తూటా కూర్చునే చోటు) మీద 41 అని, పైన మడతపడే ముక్క మీద బీవైఎఫ్ అని ఉంది. నిజమేనా? (ఒక పాఠకుడు, అంబత్తూరు)

బంగారం కాదు బాబూ. ఉక్కును నున్నగా తోమి, మెల్లగా 230 డిగ్రీల దరిదాపుల దాకా కాలిస్తే దాని మీద ఎండుగడ్డి రంగు తేలుతుంది. ఇంకొంచెం వేడి తగిలితే ఊదా, ఆపైన నీలం. కమ్మరి కొలిమి దగ్గర ఉలికి పదును పెట్టడం చూసినవాళ్ళకు ఈ రంగుల వరస తెలుసు. పాత లూగర్లలో చిన్న భాగాలను ఈ గడ్డిరంగు దగ్గరే ఆపేవారు.

ఓబర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ కర్మాగారం కూడా మొదట్లో అలాగే చేసింది. 1937లో ఆ పద్ధతి వదిలి, అన్ని భాగాలనూ వేడి ఉప్పు ద్రావణంలో ముంచి ఒకే నీలం తెప్పించడం మొదలుపెట్టింది. చాంబరు మీద కే అక్షరం ఉంటే 1934, జీ ఉంటే 1935. అలాంటి దాని మీద పసుపు భాగాలు ఉండి తీరాలి. మీ మామగారిది 1941. బీవైఎఫ్ అంటే మౌజర్‌కు యుద్ధకాలంలో ఇచ్చిన రహస్య సంకేతం. అది కర్మాగారం గడప దాటిన రోజున ట్రిగ్గరు కూడా నీలమే.

ఆ పసుపు భాగాల మీద సన్నని అంకెలు రెండు ఉంటాయి. అవి పిస్తోలు నంబరులోని చివరి రెండంకెలతో కలిశాయా చూడండి. కలిస్తే, అసలు భాగాలకే తర్వాత ఎవరో అందం కోసం రంగు మార్చారు. కలవకపోతే అవి ఇంకో పాత లూగర్ నుంచి వచ్చాయి. రెండింటిలో ఏదైనా సేనాధికారి కథ నిలవదు. పిస్తోలు మాత్రం అసలైనదే, ఆ మాట మామగారికి ముందు చెప్పండి.

ప్రశ్న: టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి ఒక పీ-38 పిస్తోలు కొన్నాడు. మీద సీవైక్యూ అని ఉంది. మందంగా తారు పూసినట్టు నల్లటి రంగు. ఫ్రేము మీద పెద్ద ఎక్స్ గుర్తు కొట్టి ఉంది. మాగజీన్ మీద నంబరు చేత్తో గీసినట్టుంది. మోసపోయాడా? (ఒక పాఠకుడు, వేళచ్చేరి)

మోసపోలేదు. తూర్పు రంగంలో సోవియట్ సైన్యం స్వాధీనం చేసుకున్న పిస్తోళ్ళ తీరు అది. వాళ్ళు వాటిని రాశులుగా పోసి, విప్పి, శుభ్రం చేసి, నల్లరంగు తొట్టిలో ముంచి, చేతికందిన భాగాలతో మళ్ళీ బిగించి, గిడ్డంగుల్లో దాచారు. కలవని నంబర్లను కరెంటు కలంతో గీసి కలిపారు. ఎక్స్ గుర్తు ఆ పిస్తోళ్ళ మీద కనిపించేదే.

సీవైక్యూ అంటే స్ప్రీవెర్క్ కంపెనీ. వాళ్ళ పీ-38 కర్మాగారం ఆనాడు గ్రోట్టౌ అనే ఊళ్ళో ఉండేది. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో హ్రాడెక్ నాద్ నిసౌ. పీ-38 చేసిన మిగతా ఇద్దరు తయారీదారుల్లా వీళ్ళు సంవత్సరం కొట్టలేదు. వీళ్ళ పనిలో సొగసు తక్కువ. స్లైడు (పిస్తోలు పైన వెనక్కి జరిగే భాగం) మీద యంత్రం పళ్ళు గీకిన గీతలు అలాగే ఉంటాయి. మీ అబ్బాయిని దీపం పక్కకు పట్టి చూడమనండి. నల్లరంగు కింద ఆ గీతలు ఇంకా కరుకుగా కనిపిస్తే సంతోషించాలి. సోవియట్ గిడ్డంగివాళ్ళు రంగు ముంచారు గానీ సాన పట్టలేదు. అందుకే వాళ్ళు రంగు మార్చిన పిస్తోలు చరిత్ర చదవగలం. అద్దంలా మెరిసే సీవైక్యూ ఎక్కడైనా కనిపిస్తే అది తర్వాత ఎవరో అరగదీసిందే.

ఈ తేడా మూడో ఉత్తరానికి చాలా ముఖ్యం.

ప్రశ్న: మాది పెరంబూరు. నాన్నగారు రైల్వేలో చేసి రిటైరై, ఈ సంక్రాంతికి ముందు పోయారు. ఆయన పేరు మీదున్న పిస్తోలును చట్టం ప్రకారం లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేశాం. అది మా తాతయ్యది. తాతయ్య మద్రాసు సాపర్స్ అనే సైనిక ఇంజనీరు దళంలో సుబేదారు, ఇటలీలో నాలుగో ఇండియన్ డివిజన్‌తో ఉన్నారు. 1944లో మోంటే కసీనో దగ్గర లొంగిపోయిన జర్మన్ ఆఫీసరు నడుము నుంచి తీసుకున్నారని నాన్న ఎప్పుడూ చెప్పేవారు.

డీలరుగారి ఎదుటే ఫోటోలు తీశాను, పంపుతున్నాను. పిస్తోలంతా వెండిలా ఉంది. ఎడమపక్క అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. పీ, 3 తెలుస్తున్నాయి. నాలుగంకెల నంబరులో చివరి రెండే కనిపిస్తున్నాయి. తర్వాత ఏదో అక్షరం, ఆ పక్కన వీ, డబ్ల్యూ, 4, ఆ తర్వాత కింద గుండ్రంగా ఉన్న ఒక అంకె. కుడిపక్క గద్ద గుర్తు ఏమీ లేదు, చిన్న నక్షత్రం ఒకటి ఉంది. పిడికి రెండు వైపులా పలచటి ఇనుప రేకులు. అసలువి విరిగిపోతే తాతయ్య కాకినాడలో చేయించారేమో అనుకునేవాళ్ళం. దొరికిన తొలి లైసెన్సు పుస్తకం 1955 నాటిది, తూర్పుగోదావరి కలెక్టరు ఆఫీసు ఇచ్చింది.

ఇది ఎక్కడ తయారైంది? తాతయ్యకు దొరికింది కసీనోలోనేనా? ఈ వెండిపూత తీయించి అసలు రంగు తెప్పించవచ్చా? ఇంకొక చిన్న విషయం. అది ఎప్పుడూ ఒక లక్క పెట్టెలోనే ఉండేది. తాతయ్య బావగారు యానాంవారు, ఫ్రెంచివాళ్ళ పటాలంలో చేసి 1951లో సైగాన్ నుంచి తిరిగొచ్చినప్పుడు తెచ్చిన పెట్టె అది. నల్లటి పెట్టె మీద ముత్యపుచిప్పతో కొంగలు పొదిగి ఉంటాయి. పెట్టె మా ఇంట్లోనే ఉంది. (పేరు వద్దన్న పాఠకురాలు, పెరంబూరు)

అమ్మా, మీరు ఫోటోలు బాగా తీశారు. పక్క నుంచి టార్చి వేసి తీయాలన్న ఆలోచన మీకెలా వచ్చిందో గానీ, అదే లేకపోతే నేను ఏమీ చెప్పలేకపోయేవాణ్ణి.

ముందు ఆ వెండి మెరుపు సంగతి. అది వెండి కాదు, నికెల్. క్రోమియం పూత చూపుకు కొంచెం నీలిగా, చల్లగా ఉంటుంది. నికెల్ పాతబడ్డ కొద్దీ లేత పసుపు తిరుగుతుంది. మీ ఫోటోలో ట్రిగ్గరు కాపు లోపలి వంపు దగ్గర ఆ పసుపు ఛాయ స్పష్టంగా ఉంది. యుద్ధకాలంలో జర్మన్ సైన్యానికి వెళ్ళిన మామూలు పిస్తోలు ఏదీ ఈ పూతతో వెళ్ళలేదు. కాబట్టి ఇది తర్వాతి పనే. మన దేశంలో జరిగిన పని అనే నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

మా నాన్న మౌంట్ రోడ్డుకు ఆనుకున్న సందులో ఒక తుపాకుల దుకాణంలో మేస్త్రీ. బడి లేని రోజుల్లో నన్ను వెంట తీసుకెళ్ళేవారు. ఆ రోజుల్లో పాత పిస్తోలు వచ్చిందంటే ఇంటాయన అడిగేది ఒక్కటే, తళతళలాడాలని. మా నాన్న దాన్ని పూర్తిగా విప్పి, భాగాలు తీగకు గుచ్చి, సంచిలో వేసి నా చేతికిచ్చేవారు. పుదుపేటలో నికెల్ తొట్టివాడి దగ్గరికి నేను మోసుకుపోయేవాణ్ణి. వాడు ముందు ఆసిడ్‌లో వేసి పాత రంగు ఊడగొట్టేవాడు. తర్వాత ఎమరీ పొడి జిగురుతో అంటించిన గుడ్డచక్రం మీద పట్టేవాడు. గుంటలు, గీతలు పోయేదాకా పట్టేవాడు. ఆ తర్వాత రాగి పలచగా, దాని మీద నికెల్. పూత మందం ఎంతో లేదు, అక్షరాలను అది మింగదు. మింగేది చక్రం. చక్రం ముందు గుంట ఏదో అక్షరం ఏదో తేడా ఉండదు. అంచులు గుండ్రబడతాయి, మర రంధ్రాల నోళ్ళు పళ్ళేల్లా పల్లమవుతాయి, అక్షరం ఒకవైపు తోక సాగినట్టు పలచబడుతుంది. మీ పిస్తోలులో ఈ మూడూ ఉన్నాయి. స్లైడు వెనక వేళ్ళకు పట్టు కోసం ఉండే గాళ్ళ శిఖరాలు చూడండి, ఎడమపక్క చదునైపోయాయి. కుడిపక్క చక్రం అంత గట్టిగా పట్టలేదు. మీ నక్షత్రం బతికింది అందుకే.

చిన్నతనంలో ఆ మెరుపు చూసి నేనూ మురిసిపోయాను. తర్వాత సైన్యంలో ఆయుధాలు, యంత్రాలు మరమ్మతు చేసే ఈఎంఈ దళంలో చేరి, సికింద్రాబాదులో ఆర్మరర్ శిక్షణ పొంది, ఇరవయ్యారేళ్ళు తుపాకుల మీదే పనిచేశాక అర్థమైంది, మేం ఆ సంచుల్లో మోసుకెళ్ళి ఏం పోగొట్టామో. అందుకే ఇలాంటి ఉత్తరం వస్తే పక్కన పెట్టలేను.

ఇప్పుడు లోహం ఏం చెబుతోందో చూద్దాం.

మీది పీ-38. 1938లో జర్మన్ సైన్యం లూగర్ బదులుగా ఎంచుకున్న నమూనా. తొమ్మిది మిల్లీమీటర్లు, మాగజీన్‌లో ఎనిమిది తూటాలు. యుద్ధకాలంలో దీన్ని మూడు చోట్ల తయారుచేశారు. జెల్లా-మేలిస్‌లో వాల్థర్, ఓబర్న్‌డార్ఫ్‌లో మౌజర్, గ్రోట్టౌలో స్ప్రీవెర్క్. కంపెనీ పేరు శత్రువుకు తెలియకూడదని స్లైడు ఎడమపక్క పేరు బదులు సంకేతం కొట్టేవారు. వాల్థర్‌కు మొదట కొద్దికాలం 480, తర్వాత ఏసీ. స్ప్రీవెర్క్‌కు సీవైక్యూ. మౌజర్‌కు బీవైఎఫ్, 1945 మొదట్లో దాన్ని మార్చి ఎస్‌వీడబ్ల్యూ.

ఇప్పుడు మీ ఫోటోలోని ముక్క పెట్టి చూడండి. డబ్ల్యూ అక్షరం ఉన్న సంకేతం వీటిలో ఒక్కటే. మొదటి అక్షరం పూర్తిగా అరిగిపోయినా నష్టం లేదు. అది ఎస్‌వీడబ్ల్యూ. అంటే జర్మనీ నైరుతి మూల, నెకర్ నది ఒడ్డున ఉన్న ఓబర్న్‌డార్ఫ్‌లో, మౌజర్ కర్మాగారంలో పుట్టింది. మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు ఉండదు.

సంకేతం పక్కన ఉండే రెండంకెలు సంవత్సరం. మీకు 4 కనిపిస్తోంది, రెండో అంకె కింద గుండ్రం. 44 అయితే రెండో అంకెకు నిలువు కాలు ఉండాలి, అది లేదు. 5 గానీ 6 గానీ కావాలి. నేను భూతద్దంతో ఎంతసేపు చూసినా పై సగం తేలలేదు.

అయినా మీ రెండో ప్రశ్నకు ఆ సగం అక్కర్లేదమ్మా. మోంటే కసీనో మఠం మీద బాంబులు పడింది 1944 ఫిబ్రవరి 15న. నాలుగో ఇండియన్ డివిజన్ ఆ కొండ మీద తలపడింది ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఆ ఏడాది చివరికి డివిజన్ గ్రీసుకు వెళ్ళింది. ఎస్‌వీడబ్ల్యూ అన్న మూడక్షరాలు ఏ పిస్తోలు మీదా పడకముందే కసీనో యుద్ధం ముగిసిపోయింది. ఈ పిస్తోలు ఆ కొండ దగ్గర ఉండే వీలే లేదు.

ఈ మాట రాయడానికి నాకు చేయి ఆడలేదు. మీ నాన్నగారు పోయి ఏడాది కూడా కాలేదు. కానీ మీరు అడిగింది నిజం.

ఇక నక్షత్రం. జర్మన్ సైన్యపు తనిఖీ గుర్తు చిన్న గద్ద, దాని కింద అంకె. వాల్థర్‌కు 359, మౌజర్‌కు 135, స్ప్రీవెర్క్‌కు 88. అవి గోరంత కూడా ఉండవు, లోతూ తక్కువే. మీ పిస్తోలు మీద గద్ద లేకపోవడం నేను సాక్ష్యంగా తీసుకోను, చక్రం తినేసి ఉండవచ్చు. లేనిదాన్ని బట్టి కాక ఉన్నదాన్ని బట్టి చెప్పాలి. ఉన్నది ఐదు మూలల నక్షత్రం. మౌజర్ పీ-38 మీద ఆ గుర్తు ఫ్రెంచివాళ్ళది.

1945 ఏప్రిల్ 20న ఫ్రెంచి సైన్యం ఓబర్న్‌డార్ఫ్‌లోకి వచ్చింది. కర్మాగారంలో యంత్రాలున్నాయి, సగం చేసిన భాగాలు గుట్టలుగా ఉన్నాయి, పనివాళ్ళున్నారు. ఫ్రాన్సుకేమో ఆయుధాలు కావాలి. దాంతో అదే కర్మాగారంలో అదే పనివాళ్ళ చేత 1946 దాకా పిస్తోళ్ళు చేయించుకుంది. సంకేతం కూడా మార్చలేదు. ఎస్‌వీడబ్ల్యూ 45, ఎస్‌వీడబ్ల్యూ 46 అనే కొట్టారు. ఆ తర్వాత యంత్రాలు తరలించి, కర్మాగారాన్ని కూల్చేశారు. అక్కడ పనిపోయిన ఇంజనీర్లే 1949లో అదే ఊళ్ళో హెక్లర్ అండ్ కాఖ్ కంపెనీ పెట్టారు. ఇవాళ మన కమాండోల చేతుల్లో కనిపించే ఎంపీ-5 తుపాకీ వాళ్ళదే.

ఆ ఇనుప రేకులు చూసి మీరు కాకినాడ పని అనుకున్నారు. నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ సంతోషం కలిగించినవి అవే. జర్మన్ సైన్యం పీ-38లకు పిడి పలకలు బేకలైటువి. ఫ్రెంచివాళ్ళు చేయించిన చాలా పిస్తోళ్ళకు అచ్చులో నొక్కిన ఉక్కు రేకులు వేశారు. కాకినాడలో చేయిస్తే మేస్త్రీ చెక్కతో చేస్తాడు, మహా అయితే కొమ్ముతో. వంపు తిరిగిన రేకును అచ్చులో నొక్కాలంటే ప్రెస్సు కావాలి. డీలరుగారి చేత ఒక అయస్కాంతం పెట్టించి చూడండి, అతుక్కుంటుంది. ఇంకొక పని. ఆ రేకులను పట్టి ఉంచేది ఒకే మర. డీలరుగారినే విప్పమనండి, మీరు చేయి పెట్టవద్దు. రేకుల లోపలి ముఖం మీద, వాటి కింద ఫ్రేము మూలల్లో నికెల్ సరిగా పట్టదు. అక్కడ తడిసిన పలక రంగులో గరుకైన బూడిదరంగు కనిపిస్తే అది ఫాస్ఫేటు పూత. ఫ్రెంచి కాలపు పీ-38లు అలా బూడిదరంగులోనే బయటికొచ్చాయి. నిగనిగలాడే నీలిరంగు తళుకు కనిపిస్తే మాత్రం నాకు మళ్ళీ రాయండి, నేను ఇంకోసారి ఆలోచించాలి.

రెండో అంకె 5 అయినా 6 అయినా నక్షత్రం, రేకులు కలిసి చెప్పేది ఒకటే. ఇది ఫ్రెంచి సైన్యం చేతుల మీదుగా వచ్చిన పిస్తోలు. లోహం చెప్పేది ఇక్కడితో ఆగింది. మిగతాది మీ ఉత్తరంలో చివర్న, చిన్న విషయం అంటూ మీరే రాశారు.

ఫ్రెంచి సైన్యం ఈ పిస్తోళ్ళను ఇండోచైనా యుద్ధానికి తీసుకెళ్ళింది. 1946 నుంచి 1954 దాకా సాగిన యుద్ధం అది. పుదుచ్చేరి, కారైకాల్, యానాం నుంచి ఫ్రెంచి కొలువులో చేరి సైగాన్ వెళ్ళిన కుటుంబాలు మన తీరంలో ఎన్నో ఉన్నాయి. మీ తాతయ్య బావగారు 1951లో సైగాన్ నుంచి వచ్చారు. ఆయన తెచ్చిన పెట్టె మన ఏటికొప్పాక లక్క పని కాదు. నల్లటి నునుపు మీద ముత్యపుచిప్ప పొదగడం వియత్నాం పనివాళ్ళ నేర్పు. ఆ పెట్టెలోనే పిస్తోలు ఎప్పుడూ ఉండేదని మీరే అంటున్నారు. 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన పోయింది. మరుసటి ఏడు, 1955లో, మీ తాతయ్య పేర కాకినాడ లైసెన్సు. ఫ్రెంచి నేల మీద ఉన్నన్నాళ్ళూ ఆ పిస్తోలుకు మన కలెక్టరు కాగితం అక్కర్లేదు. యానాం మనదయ్యాక ఎవరో ఒకరు లైసెన్సు తీసుకోవాలి. మాజీ సుబేదారుకు లైసెన్సు దొరకడం తేలిక. బావగారు బావమరిదికి ఇచ్చారని నేను ప్రమాణం చేసి చెప్పలేను గానీ, ఈ నాలుగు సంగతులనూ పక్కపక్కన పెడితే నాకు వేరే దారి కనిపించడం లేదు. ఆ 1955 పుస్తకంలో ఆయుధం వివరాలు రాసిన పేజీ ఉంటుంది. ఎవరి నుంచి వచ్చిందో గుమాస్తా ఒక్క ముక్క రాసి ఉన్నా చాలు. ఇంకు వెలిసిపోయి ఉంటే పేజీని కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చదవండి.

మీ తాతయ్య అబద్ధమాడారని నేను అనను, మీరూ అనుకోవద్దు. ఆయన ఇటలీలో యుద్ధం చేసింది నిజం, ఇంట్లో జర్మన్ పిస్తోలు ఉన్నదీ నిజం. రెండింటినీ పిల్లలు ఒక కథలో కలుపుకొని ఉంటారు. ఇటలీలో మద్రాసు సాపర్లు చేసింది మామూలు పని కాదు. కొండదారుల్లో మందుపాతరలు ఏరడం, కొట్టుకుపోయిన వంతెనలు ఫిరంగి గుండ్ల మధ్య మళ్ళీ కట్టడం, కసీనో వెనక కొండల్లో బండ్లు పోవడానికి బాట తొలచడం వాళ్ళ పని. ఆ 1944 ఫిబ్రవరి 24నే, కసీనోకు దగ్గర్లోని మిన్యానో వద్ద, మద్రాసు సాపర్స్ సుబేదారు సుబ్రమణియన్ తోటివాళ్ళను కాపాడటానికి మందుపాతర మీద తన ఒంటిని వేసి ప్రాణం ఇచ్చారు. ఆయనకు చనిపోయాక జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకం ఇచ్చారు. మీ తాతయ్య ఆ రోజుల్లో అదే దళంలో, అదే లోయలో ఉన్నారు. కసీనోకు సాక్ష్యం పిస్తోలులో వెతకనక్కర్లేదు.

మూడో ప్రశ్న, పూత తీయించడం. వద్దమ్మా. దయచేసి వద్దు. నికెల్ తీయాలంటే మళ్ళీ ఆసిడ్, రంగు ఎక్కాలంటే మళ్ళీ చక్రం. ఇప్పుడు మిగిలిన సగం నంబరు, ఆ నక్షత్రం కూడా పోతాయి. అది చరిత్రకు నష్టమే కాదు, చట్టంతో చిక్కు. ఆయుధాల చట్టం, 1959, ఎనిమిదో సెక్షను ప్రకారం తుపాకీ మీద గుర్తింపు నంబరు చెరపడం, మార్చడం నేరం. గుర్తులు లేని తుపాకీని అమ్మడం, బదిలీ చేయడం కూడా కుదరదు. మీ తాతయ్య కాలంలో పుదుపేట తొట్టివాడు ఇవి ఆలోచించి ఉండడు. మీరు ఆలోచించాలి.

అందుకే ఒక పని వెంటనే చేయండి. ఈ పిస్తోళ్ళ మీద నంబరు స్లైడు మీదే కాదు, ఫ్రేము ఎడమపక్క, బ్యారెలు మీద కూడా కొట్టి ఉంటుంది. బ్యారెలు మీది నంబరు చాలాసార్లు చక్రానికి చిక్కదు. డీలరుగారు తూటాలు లేవని చూసి, విప్పి, ఆ నంబరు లైసెన్సు పుస్తకంలోని నంబరుతో సరిపోల్చి, మీకు కాగితం మీద రాసి ఇవ్వాలి. అరిగిన చోట సుద్దపొడి అద్ది మెత్తగా తుడిస్తే గాళ్ళలో తెల్లగా నిలుస్తుంది, అంతకుమించి ఏమీ పూయవద్దు. అరిగిన అంకెలను రసాయనంతో తేల్చే పద్ధతి ఉంది. అచ్చు కొట్టినప్పుడు అంకె కింది ఉక్కు నలిగి గట్టిపడుతుంది, ద్రావణం పూస్తే అది చుట్టూ ఉన్న ఉక్కులా కరగదు, పోయిన అంకె కాసేపు నీడలా తేలుతుంది. అది పోలీసులో కోర్టో కోరితే ఫోరెన్సిక్ ప్రయోగశాలలో చేసే పని. యూట్యూబ్ చూసి ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

పిస్తోలును ఉంచుకోవడం గురించి మీరు అడగలేదు, కానీ ఆ ఆలోచన మీకు ఉందని ఉత్తరం చెబుతోంది. తొమ్మిది మిల్లీమీటర్లు మన దగ్గర నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సుకు అందని గొట్టం కొలత. వారసులుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ అది జిల్లా స్థాయిలో తేలదు, కేంద్ర హోం శాఖ దాకా వెళ్ళాలి. డిపాజిట్ రసీదు, నాన్నగారి మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి, ఆ 1955 పుస్తకం, నంబరు సరిపోల్చిన కాగితం ఒకచోట పెట్టుకుని మొదలుపెట్టండి. నిర్ణయం వచ్చేదాకా అది డీలరు బీరువాలోనే ఉండాలి, పండగకు ఒక్క రోజు అని కూడా ఇంటికి తేకూడదు.

డీలరుగారు సరేనంటే వచ్చే నెలలో ఒక శనివారం ఉదయం నేనే పెరంబూరు నుంచి మీతో వస్తాను. నా దగ్గర పదింతలు పెంచి చూపే భూతద్దం ఉంది, ఆ రెండో అంకె తేలుతుందేమో కళ్ళారా చూడాలని ఉంది. వచ్చేటప్పుడు లక్క పెట్టె తీసుకురండి. తాతయ్య పతకాలు ఇంట్లో ఉంటే అవి కూడా తేవాలి. వాటిలో ఇత్తడి రంగు నక్షత్రం, దానికి ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, మళ్ళీ తెలుపు, ఎరుపు చారల రిబ్బను ఉన్నది ఒకటి ఉంటుంది. ఇటలీ స్టార్ అంటారు దాన్ని. దానికి మూలలు ఐదు కావు, ఆరు. కసీనో నుంచి మీ ఇంటికి వచ్చిన నక్షత్రం అది.